పాత కారు బ్యాడ్జీని మళ్లీ చేయాలంటే ముందు వెనక్కి తిప్పి చూడండి

పాత కారును బాగుచేసేటప్పుడు ఇంజను భాగాలు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి, లేదంటే లేత్ మీద చేయించుకోవచ్చు. బానెట్ మీదో రేడియేటర్ ముందో ఉండే అరచేతంత బ్యాడ్జి దగ్గరికి వచ్చేసరికే చాలా పనులు ఆగిపోతాయి. అది ఒకటి రెండేళ్ల మోడళ్లకే వాడినది అయి ఉంటుంది. దాన్ని కొట్టిన అచ్చు ఎప్పుడో తుక్కులో కలిసిపోయి ఉంటుంది. మిగిలిన కొద్ది నమూనాలూ గుంటలు పడో, రంగు రాలో ఉంటాయి. అప్పుడు చాలామంది పట్టే దారి ఒకటే: ఉన్నదాన్ని స్కాన్ చేయించి, త్రీడీ ప్రింట్ తీయించి, పైన క్రోమ్ పెయింట్ కొట్టించడం. ఆకారం సరిగ్గానే వస్తుంది. అయినా కారుకు బిగించాక కాస్త దూరం నుంచే అది అసలుది కాదని తెలిసిపోతుంది.

ఎందుకంటే బ్యాడ్జి ఎలా కనిపించాలో గీసిన బొమ్మతో పాటు చేసిన పద్ధతి కూడా నిర్ణయిస్తుంది. ప్రెస్‌లో కొట్టిన రాగిరేకుకు ఉండే అంచు పోతపోసిన జింకుకు రాదు. రంగు గాజుపొడి నింపి కొలిమిలో కాల్చిన ఎనామిల్‌కు ఉండే లోతు రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే ఎపాక్సీ రెజిన్‌కు రాదు. అచ్చులోంచి సులువుగా ఊడిరావడానికి గోడలకు ఇచ్చే ఒకటి నుంచి మూడు డిగ్రీల వాలు, రసాయనంతో తొలిచిన గోడల్లో కనిపించదు. అందుకే అసలును ఏ పద్ధతిలో చేశారో ముందు తేల్చుకోవాలి. సాధనాలు, ఖర్చు, ఎవరిచేత చేయించాలన్నది ఆ తర్వాతి సంగతి.

అసలు దేనితో చేశారో తేల్చడం

ముందు బ్యాడ్జి వెనక్కి తిప్పండి. ముందువైపు పూతలు, పాలిష్ నిజాన్ని కప్పేస్తాయి, వెనకవైపు దాచదు. బొమ్మ తిరగబడి గుంటలా కనిపిస్తే అది రేకును ప్రెస్‌లో కొట్టినది. వెనక చదునుగానో డొల్లగానో ఉండి, పోతను అచ్చులోంచి బయటికి తోసే పిన్నుల గుండ్రటి గుర్తులు ఉంటే, అంచు చుట్టూ రెండు అచ్చుభాగాలు కలిసిన సన్నటి గీత ఉంటే అది డైకాస్ట్ జింకు, అంటే కరిగిన జింకును ఒత్తిడితో ఉక్కు అచ్చులోకి పంపి పోసినది. వెనకంతా మచ్చల మచ్చల గాజుపొర ఉంటే అది కాల్చిన ఎనామిల్. రేకు వంకర పోకుండా వేసే వెనకపొర అది. వెనకనుంచి రంగులు వేసిన పారదర్శక ప్లాస్టిక్ అయితే అక్రిలిక్.

అప్పటికీ అనుమానం తీరకపోతే తూకం వేయండి. బ్యాడ్జీని గాలిలో తూచి, తర్వాత దారంతో నీళ్లలో వేలాడదీసి తూచండి. గాలిలో తూకాన్ని రెండు తూకాల తేడాతో భాగిస్తే సాంద్రత వస్తుంది. 8.4 నుంచి 8.9 మధ్య వస్తే ఇత్తడి లేదా రాగి, 6.6 దగ్గర వస్తే జింకు మిశ్రమం, 2.7 వస్తే అల్యూమినియం. ఎనామిల్ ఎక్కువగా ఉన్నప్పుడు మాత్రం అంకె కిందికి జారుతుంది. గాజు తేలిక కాబట్టి 7.5 వచ్చినంత మాత్రాన అది జింకు అనుకోకూడదు.

కాలం కూడా ఆధారమే. 1900ల నుంచి 1930ల వరకు రేడియేటర్ బ్యాడ్జీలు ఎక్కువగా రాగి లేదా గిల్డింగ్ మెటల్ (కొద్దిగా జింకు కలిపిన రాగి) మీద కాల్చిన ఎనామిల్. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఫట్టోరిని, అమెరికాలోని రోచెస్టర్‌లో బాస్టియన్ బ్రదర్స్ వంటి పతకాలు, బ్యాడ్జీలు చేసే సంస్థల పని ఇది. 1930ల నుంచి డైకాస్ట్ జింకు ముందుకు వచ్చింది. 1940ల నుంచి 60ల దాకా అమెరికన్ కార్లలో వెనకనుంచి రంగు వేసిన అక్రిలిక్ బిళ్లలు విరివిగా కనిపిస్తాయి. ఆ తర్వాత అనోడైజ్ చేసిన (విద్యుత్తుతో పైన గట్టి ఆక్సైడ్ పొర పెంచిన) అల్యూమినియం రేకు, పైన పారదర్శక పాలియురథేన్ చుక్కతో ఉబ్బుగా చేసిన స్టిక్కర్లు వచ్చాయి.

పూత సంగతిలోనూ ఇంతే. కార్లపై క్రోమ్ 1920ల రెండో సగంలో గానీ రాలేదు, అంతకుముందు ఉన్నది నికెల్. 1922 కారు బ్యాడ్జీకి నీలిఛాయ క్రోమ్ వేస్తే ఎంత బాగా మెరిసినా తప్పే. అక్కడ ఉండాల్సింది కొద్దిగా పసుపు తిరిగిన నికెల్ మెరుపు. రంగులూ మారతాయి. రోల్స్ రాయిస్ బ్యాడ్జిలోని జంట ఆర్ అక్షరాలు 1930ల్లో ఎరుపు నుంచి నలుపుకు మారాయి. మీ కారు ఏ ఏడాదిది, ఏ సిరీస్‌ది అన్నది తేలకముందే రంగు ఎంచుకోవద్దు.

ఉన్నదాన్ని కొలవడం

బొమ్మను ఎక్కించుకోవడానికి రెండు రకాల కొలత కావాలి, ఒకటి మరొకదానికి ప్రత్యామ్నాయం కాదు. అక్షరాల రేఖలు, గళ్లు, వాటి మధ్య లేచిన సన్నటి లోహపు గట్లు ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద బాగా వస్తాయి. 1200 డీపీఐ (అంగుళానికి 1200 చుక్కలు) దగ్గర ఒక్కో పిక్సెల్ 0.021 మిల్లీమీటర్లు, చాలా త్రీడీ స్కానర్లు ఇంత వివరం ఇవ్వలేవు. అయితే స్కానర్ కటకంతో బొమ్మ పట్టే సీసీడీ రకమై ఉండాలి. పల్చటి సీఐఎస్ స్కానర్లకు అద్దాన్ని తాకిన భాగం తప్ప పైకి లేచిన భాగమంతా మసకబారుతుంది. బ్యాడ్జి పక్కనే ఒక స్టీలు స్కేలు పెట్టి స్కాన్ చేయండి. తర్వాత బ్యాడ్జీని 90 డిగ్రీలు తిప్పి మళ్లీ చేయండి. రెండింటిలో పొడవు వెడల్పులు సరిపోకపోతే తేడా స్కానర్‌ది.

బానెట్ వంపుకు తగ్గట్టు బ్యాడ్జి వంగిన తీరు, ఉబ్బు, గోడల లోతు త్రీడీ స్కానర్‌తో తీసుకోవాలి. క్రోమ్, పారదర్శక ఎనామిల్ కాంతిని చెదరగొడతాయి కాబట్టి కొన్ని గంటల్లో తనంతట తాను ఆవిరైపోయే మ్యాట్ స్ప్రే పల్చగా కొట్టాలి. స్కాన్‌లోంచి వచ్చిన మెష్‌ను (ఉపరితలాన్ని చూపే త్రికోణాల జాలాన్ని) నేరుగా ప్రింట్‌కు పంపకండి. దశాబ్దాలపాటు గుడ్డతో తుడిచి తుడిచి అరిగిన అంచుల గుండ్రతనం కూడా అందులోకి వచ్చేసి ఉంటుంది. దాన్ని అడుగున పెట్టుకుని, పైన బొమ్మను కొత్తగా గీయాలి. అక్షరాలకు దగ్గరగా ఉన్న ఫాంట్ వెతికి పెట్టేయాలనిపిస్తుంది, కానీ ఆనాటి అక్షరాలు చిత్రకారులు చేత్తో గీసినవి. ఒకే పదంలో రెండు ‘ఎ’లు రెండు రకాలుగా ఉండొచ్చు. అరుగుదల తక్కువగా ఉండే చోటు ఎనామిల్ గుంటల అడుగు, అక్షరాల మధ్య సందులు. అసలు వెడల్పులు అక్కడ కొలవాలి.

పాత జింకు బ్యాడ్జీతో ఇంకో చిక్కుంది. జింకులో సీసం, తగరం, కాడ్మియం వంటి కల్తీ ఉంటే తేమకు రేణువుల మధ్య తుప్పు పట్టి లోహం ఉబ్బుతుంది, చీలుతుంది. న్యూజెర్సీ జింక్ కంపెనీ 1929లో తెచ్చిన జామాక్ మిశ్రమాలు 99.99 శాతం శుద్ధమైన జింకును వాడటం వల్లే ఈ జబ్బు తగ్గింది. అంతకుముందు పోసిన ముక్క ఇప్పుడు చేతిలో ఉంటే, దాని కొలత పుట్టినప్పటి కొలత కాకపోవచ్చు. అలాంటప్పుడు నమ్మదగిన కొలత కారు బాడీలోని రంధ్రాల మధ్య దూరం. రేకు జరగదు.

చేతిలో అసలు నమూనానే లేనప్పుడు కూడా ఆ రంధ్రాలే దిక్కు. పాత పెయింట్ మీద బ్యాడ్జి నీడలా మిగిలిన అంచు, కంపెనీ బ్రోషర్లు, అప్పటి ఫొటోలు, అమెరికా డిజైన్ పేటెంట్లలోని రేఖాచిత్రాలు కలిపి చూడాలి. ఫొటోలో బ్యాడ్జి అంచులు, బాడీ మీది నీడ అంచులు ఒకదానిపై ఒకటి కూర్చునేలా వాలును సరిచేస్తే కొలత దొరుకుతుంది. లోతు మాత్రం ఫొటోల్లో దొరకదు. అదే సంస్థ, అదే ఏడాది చేసిన ఇంకో బ్యాడ్జి చూసి నిర్ణయించుకోవాలి.

అరువు తెచ్చుకున్న అసలుపై సిలికాన్ అచ్చు తీయాలనుకునేవారికి ఒక హెచ్చరిక. కాల్చిన ఎనామిల్ అంటే గాజు. సిలికాన్ గాజును పట్టేసుకుంటుంది. అతుక్కోకుండా చేసే విడుదల పూత లేకుండా పోస్తే అచ్చు ఊడదీసేటప్పుడు పగిలిన ఎనామిల్ పెచ్చులు దాంతోపాటే వస్తాయి. పల్చగా వాసెలిన్ గానీ పీవీఏ (నీళ్లలో కరిగే ప్లాస్టిక్) పొర గానీ తప్పనిసరి. ప్లాటినం సిలికాన్‌కు ఇంకో బలహీనత ఉంది: గంధకం ఉన్న మట్టి, టిన్ సిలికాన్, సరిగా గట్టిపడని రెజిన్ ప్రింట్ తగిలితే ఆ చోట జిగురుగా ఉండిపోతుంది. వంగిన బ్యాడ్జి అయితే రబ్బరు అచ్చు వెనక అదే వంపులో ప్లాస్టర్ తొడుగు పోయండి, లేకపోతే అచ్చు చదునై బ్యాడ్జి కూడా చదునుగా వస్తుంది.

కుంచించుకుపోవడం

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ప్లాటినం సిలికాన్ దాదాపు 0.1 శాతమే కుంచించుకుపోతుంది, టిన్ సిలికాన్ అంతకు కొన్ని రెట్లు. ఆ సిలికాన్ అచ్చులో మైనపు నమూనా పోసి, దాని చుట్టూ అచ్చు కట్టి, మైనం కరిగించి తీసిన ఖాళీలో లోహం పోస్తారు కాబట్టి ఆ తర్వాత మైనం, ఆపై లోహం కూడా కుంచించుకుంటాయి. అన్నీ కలిపి మైనపు అచ్చు పోతలో 2 నుంచి 3 శాతం పోతుంది. రెండు చివర్లలో పిన్నులున్న 180 మిల్లీమీటర్ల పొడవైన పేరుబిళ్లలో 2.5 శాతం అంటే 4.5 మిల్లీమీటర్లు. ఆ పిన్నులు బాడీ రంధ్రాల్లోకి వెళ్లవు. బలవంతంగా వంచితే మెడ దగ్గర తెగుతాయి.

అందుకే మాస్టర్‌ను, అంటే అచ్చు తీసే మొదటి నమూనాను, పెంచి చేయాలి. ఎంత పెంచాలన్నది పుస్తకంలోని అంకె చూసి కాకుండా, పోత పోసేవారి దగ్గర అదే లోహంతో, అదే రకం మైనంతో 100 మిల్లీమీటర్ల గుర్తులున్న ఒక పరీక్ష కడ్డీ పోయించి కొలిచి తేల్చండి. అదీ పూర్తిగా సరిపోదు. సన్నగా పొడవుగా సాగే గీత స్వేచ్ఛగా కుంచించుకుంటుంది. మూసుకున్న గుండ్రటి అక్షరం లోపల గట్టి అచ్చుపదార్థం అడ్డుపడి తక్కువ కుంచించుకుంటుంది. పొడవాటి రాత బ్యాడ్జీలకు మేము సూచించేది ఇదే: పిన్నులను బ్యాడ్జీతో కలిపి పోయకండి. వెనక దిమ్మెలు మాత్రం పోసి, పోత చల్లారాక కారు రంధ్రాల నుంచి తీసిన మూస పెట్టి డ్రిల్ చేసి మర కోయండి.

రాగి, ఎనామిల్

అసలును ఉక్కు అచ్చుతో కొట్టారు. వందల బ్యాడ్జీలు కావాలంటే ఇప్పుడూ అదే సరైన దారి: టూల్ స్టీల్ అచ్చు చెక్కించి, గట్టిపరచి, ప్రెస్‌లో కొట్టడం. రాగి ఒక దెబ్బకు లోపలి మూలలదాకా నిండదు. దెబ్బకూ దెబ్బకూ మధ్య మసక వెలుతురులో ఎర్రబారేదాకా వేడిచేసి నీళ్లలో ముంచి మెత్తబరచాలి. ఒకటి రెండు చాలనుకుంటే రాగిదిమ్మెను సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే కోత యంత్రం) మీద నేరుగా చెక్కించడం మేలు. గోడ వాలును కోత సాధనం కోణంతోనే ఇవ్వొచ్చు. కానీ గుండ్రటి సాధనం లోపలి మూలల్లోకి పోలేదు. 0.2 మిల్లీమీటర్ల కొన ఉన్న సాధనంతో చివరి కోత పెట్టినా, మొనదేలిన మూలలను చేత్తో ఉలిపట్టి శుభ్రం చేయాల్సిందే.

లోహాన్ని తినే ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంతో తొలవడం చౌక కాబట్టి చాలామంది అటు మొగ్గుతారు. ద్రావణం లోతుకు దిగినట్టే పక్కకూ తింటుంది. లోతులో కనీసం మూడో వంతు, ఒక్కోసారి లోతంతా పక్కకు పోతుంది. 0.4 మిల్లీమీటర్ల లోతు తొలిచేసరికి 0.2 మిల్లీమీటర్ల గట్టు రెండు పక్కలా 0.13 చొప్పున పోగొట్టుకుని మాయమవుతుంది. గట్లను ముందే లావుగా గీయాలి, రేకును తలకిందులుగా వేలాడదీయాలి, లేకపోతే అడుగున చేరిన మడ్డి లోతును ఎగుడుదిగుడు చేస్తుంది. కాంతి లోపల ఆడేలా అడుగున సన్నటి కిరణాల గీతలున్న బ్యాడ్జీలకు తొలవడం పనికిరాదు. ఆ గీతలు చెక్కాలి లేదా కొట్టాలి.

లోహం ఎంపికలో పొదుపు చేయకండి. రాగి, లేదా 95 శాతం రాగి 5 శాతం జింకు ఉన్న గిల్డింగ్ మెటల్ వాడాలి. మామూలు ఇత్తడిలో జింకు ఎక్కువ, కొలిమి వేడికి అది ఆవిరి కట్టి ఎనామిల్ కింద బుడగలు తెస్తుంది. కొన్నాళ్లకు పెచ్చులు లేస్తాయి.

ఎనామిల్ పొడిని శుభ్రమైన నీళ్లతో, పైన తేరే మసక పోయేదాకా కడగాలి. ముఖ్యంగా పారదర్శక రంగులకు ఈ కడుగుడే ప్రాణం. సన్నటి దుమ్ములాంటి రేణువులు మిగిలితే రంగు పాలు కలిసినట్టు అవుతుంది. తడిపొడిని గుంటల్లో పల్చగా పరచి, అంచు తట్టి సమం చేసి, తేమ పూర్తిగా ఆరాక కొలిమిలో పెట్టాలి. తడి మిగిలితే ఆవిరై పొడిని చిమ్మేస్తుంది. 780 నుంచి 830 డిగ్రీల సెంటిగ్రేడ్ దగ్గర రెండు మూడు నిమిషాలు చాలు. కరిగాక పొర కుంగుతుంది కాబట్టి గట్టు ఎత్తుకు రావడానికి మూడు నాలుగు పొరలు పడతాయి. ఒకేసారి మందంగా నింపితే అడుగున గాలి చిక్కి, రాయి పెట్టి అరగదీసేటప్పుడు పైన సూదిబెజ్జాలుగా తేలుతుంది.

రంగుల వరుస ముఖ్యం. ఎక్కువ వేడి కోరే రంగులు ముందు, తక్కువ వేడివి చివర. ఎరుపు అన్నిటికంటే సున్నితం. కాస్త ఎక్కువ కాలితే గోధుమ, నలుపు తిరుగుతుంది కాబట్టి దాన్ని ఆఖరున ఉంచాలి. పారదర్శక ఎరుపును నేరుగా రాగిపై వేస్తే మురికి రంగు వస్తుంది, ముందు రంగులేని పారదర్శక ఎనామిల్ (ఫ్లక్స్) పొర కాల్చాలి. తెలుపు ఎక్కువసేపు ఉంటే రాగి అందులో కరిగి అంచుల్లో ఆకుపచ్చ ఛాయ పడుతుంది. ఎనామిల్ రాగికంటే తక్కువగా వ్యాకోచించేది కావాలి. అప్పుడు చల్లారాక గాజు నొక్కుడులో ఉండి నిలుస్తుంది, తిరగబడితే లాగుడులో పడి పగులుతుంది. వెనకపొర వేయకపోతే పల్చటి రేకు గిన్నెలా వంగుతుంది. పాత ఎనామిళ్లలో సీసం ఉంటుంది, ఇప్పటివి చాలావరకు సీసం లేనివి. రెండింటినీ ఒకే బ్యాడ్జిలో కలపవద్దు, వాటి వ్యాకోచం, కరిగే తీరు కలవవు. సీసం ఉన్నదాన్ని ఎప్పుడూ తడిగానే అరగదీయండి, పొడి దుమ్ము లేవనీయకండి.

పొరలు నిండాక పారే నీళ్ల కింద 150, 220, 400 నంబరు రాళ్లతో గట్టు తేలేదాకా సమం చేసి, గాజు కుంచెతో రుద్ది కడిగి, చివరిగా కొంచెం ఎక్కువ వేడిలో తక్కువసేపు కాలిస్తే మెరుపు తిరిగొస్తుంది. రాతి ముద్ద ఏమాత్రం మిగిలినా ఆ మెరుపులో బూడిదమచ్చగా శాశ్వతంగా ఉండిపోతుంది.

ఇంతటి శ్రమ దేనికి, ఎపాక్సీ రంగు నింపి 70 డిగ్రీల ఓవెన్‌లో పెడితే సరిపోదా అని అడుగుతారు. దూరం నుంచి చూసే బ్యాడ్జీకి సరిపోతుంది. గట్టిపడేటప్పుడు ఎపాక్సీ కుంగి గట్ల దగ్గర పైకి పాకుతుంది, ఎండకు కొన్నేళ్లలో పచ్చబడుతుంది, గోరుతో నొక్కితే గాజులా ఉండదు. వేడి రేడియేటర్ ముందు ఉండే బ్యాడ్జీకి మేము దాన్ని సిఫారసు చేయం. అదే సమయంలో, రెండు మూడు చోట్ల మాత్రమే పెచ్చు లేచిన అసలు బ్యాడ్జి ఉంటే ఎపాక్సీయే సరైన మందు. ఆ బ్యాడ్జీని మళ్లీ కొలిమిలో పెట్టకూడదు. పగుళ్లలో చేరిన మట్టి, నూనె బుడగలు కడతాయి, వెనక టంకంతో అతికించిన బోల్టులు ఊడిపోతాయి. రంగు కలిపిన ఎపాక్సీతో పెచ్చు నింపి అసలును అసలుగానే ఉంచండి. కావాలనుకున్నప్పుడు అది తీసేయొచ్చు కూడా.

జింకు రాతలు

కలిపిరాతలో పేర్లు రాసిన బ్యాడ్జీలు చాలావరకు జింకు డైకాస్ట్. ఉక్కు అచ్చు చేయించడం ఒక కారు కోసం జరిగే పని కాదు. ఇక్కడ రెండు దారులు బాగున్నాయి. ఒకటి, మైనపు అచ్చుతో ఇత్తడి లేదా సిలికాన్ బ్రాంజ్ పోయించడం. అసలుకంటే బరువు ఉంటుంది, బలం ఎక్కువ, పూత చక్కగా పడుతుంది. లోహం జింకు కాదన్న తేడా బిగించాక ఎవరికీ కనిపించదు. రెండోది, తిరిగే రబ్బరు అచ్చులో జింకు పోత. ఇరవై ముప్పై కావాలంటే ఇది చౌక. ఆ రబ్బరు బిళ్లలను వేడి ప్రెస్‌లో వల్కనైజ్ చేస్తారు (వేడితో గట్టిపరుస్తారు) కాబట్టి రెజిన్ ప్రింట్ మాస్టర్ ఆ ఒత్తిడికి నలిగిపోతుంది. ముందు ఒకటి ఇత్తడిలో పోసి, మెరుగుపెట్టి, దాన్నే మాస్టర్‌గా ఇవ్వాలి. అప్పుడు కుంచించుకుపోవడం రెండుసార్లు లెక్కలోకి వస్తుంది.

అసలు జింకు ముక్క గుంటలు పడి ఉన్నా విరగకపోతే, కొత్తది చేసేముందు బాగుచేయగలమేమో చూడండి. పాత పూతలు తీసి, ప్రతి గుంటలోని తెల్లటి తుప్పును డ్రిల్‌కు తగిలించే చిన్న కోత ముక్క (బర్)తో శుభ్రమైన లోహం కనిపించేదాకా తొలిచి, రాగి పూత వేసి, గుంటలను తక్కువ వేడి టంకంతో నింపి, సానపట్టి, మళ్లీ రాగి వేయాలి. తుప్పు కాస్త మిగిలినా ఏడాదిలోపే క్రోమ్ కింద బుడగ లేస్తుంది.

పూత ఎందుకు పాడుచేస్తుంది

పూత వేసేవారికి బ్యాడ్జి ఇచ్చేటప్పుడు చెప్పకపోతే దాన్ని బంపర్ లాగే చూస్తారు. ముందు బఫింగ్ చక్రం అక్షరాల అంచులను నున్నగా తినేస్తుంది. ఆపై రాగి 50 మైక్రాన్లు, నికెల్ 25 మైక్రాన్లు పడితే, ఒక సందు రెండు గోడలూ కలిపి 0.15 మిల్లీమీటర్లు పూడుతుంది. 0.4 మిల్లీమీటర్ల సందుకు ఇది చాలా ఎక్కువ. పోత ఉపరితలాన్ని ముందే చేత్తో 600 నంబరు కాగితం దాకా నున్నగా చేసి ఇస్తే మందపాటి రాగి అవసరం తగ్గుతుంది. మాస్టర్‌లో సందులను కొద్దిగా వెడల్పుగా గీయడం కూడా మంచిది.

జింకుకు మొదటి పొర సయనైడ్ రాగి కావాలి. ఆమ్లపు రాగి తొట్టిలో నేరుగా ముంచితే జింకునే తినేస్తుంది. క్రోమ్ మందం అర మైక్రాన్‌లోపే ఉంటుంది, పైగా లోతు భాగాల్లోకి సరిగా పాకదు. గుంటల్లో పసుపు ఛాయ కనిపిస్తే అక్కడ క్రోమ్ పడక నికెల్ బయటపడిందని అర్థం. ఆ చోటికి దగ్గరగా సహాయక ఆనోడ్ (అదనపు విద్యుత్ కడ్డీ) పెట్టమని అడగాలి. పాత నీలిఛాయ కావాలంటే పాత పద్ధతి అయిన హెక్సావాలెంట్ క్రోమ్ అవునో కాదో కనుక్కోండి, కొత్త పద్ధతి ట్రైవాలెంట్ కొంచెం ముదురుగా వస్తుంది.

ఎనామిల్ ఉన్న బ్యాడ్జీకి పూత వేయించాలంటే ఇంకా జాగ్రత్త కావాలి. ఫ్లోరైడ్ కలిపిన క్రోమ్ తొట్లు గాజును తింటాయి, కొన్ని రంగులు మామూలు ఆమ్లంలో ముంచినా మసకబారతాయి. అదే ఎనామిల్‌తో చేసిన ఒక పరీక్ష బిళ్లను ముందు ఆ తొట్టిలోకి పంపి చూడటం తప్ప వేరే భరోసా లేదు.

అక్రిలిక్ బిళ్లలు

ఇవి తిరగేసి గీసిన బొమ్మలు. ముందునుంచి చూస్తే పైన కనిపించే సన్నటి గీత వెనకవైపు మొదట పడాలి, నేపథ్యం చివర పడాలి. వెండి, బంగారు భాగాలు అసలులో వేడిముద్ర రేకుతోనో, శూన్యంలో అల్యూమినియం ఆవిరి పట్టించో చేసేవారు. వెండి పెయింట్ ఎంత మంచిదైనా ఆ అద్దపు మెరుపు ఇవ్వదు. పారదర్శక బిళ్ల ఎండకు పచ్చబడని అలిఫాటిక్ పాలియురథేన్‌లో పోయొచ్చు, నాలుగు బార్ల ఒత్తిడి కుండలో గట్టిపడనిస్తే బుడగలు కనిపించవు. సిలికాన్ అచ్చు మాస్టర్ మీది మసకను కూడా అలాగే పట్టుకుంటుంది కాబట్టి మాస్టర్ అద్దంలా మెరవాలి. అక్రిలిక్ దిమ్మె నుంచి చెక్కిస్తే రంగు వేసేముందు 80 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచి నెమ్మదిగా చల్లార్చండి. చెక్కినప్పుడు లోపల మిగిలిన బిగువు తీరకపోతే పెయింట్‌లోని ద్రావకం తగలగానే జుట్టంత పగుళ్లు పాకుతాయి. పాత బిళ్ల వెనక రంగు తీయడానికి అసిటోన్, థిన్నర్ దగ్గరికి రానీయకండి. సబ్బునీళ్లు, చెక్కపుల్ల, ఓపిక చాలు.

పేరు ఎవరిది

కారు మోడల్ ఆగిపోయినా బ్యాడ్జి మీది పేరు, గుర్తు చాలాసార్లు ఇంకా ఎవరిదో ట్రేడ్‌మార్క్. మూతపడిన కంపెనీ పేరును కూడా ఇంకొకరు కొనుక్కుని ఉండొచ్చు. సొంత కారుకు ఒకటి చేసుకోవడం వేరు, పది చేసి అమ్మడం వేరు. జనరల్ మోటార్స్, ఫోర్డ్ పునరుద్ధరణ భాగాలకు లైసెన్సులు ఇస్తాయి. అమ్మాలనుకుంటే ముందు ఆ దారి, మీ దేశపు చట్టం చూడండి. ఏ సందర్భంలోనూ అసలు తయారీదారు ముద్రను వెనకవైపు కాపీ చేయకండి. దానికి బదులు తిరిగి చేసిన ఏడాదిని, మీ గుర్తును చెరిగిపోకుండా వెనక చెక్కించండి. కావాలని పాతబరచిన నకలు చేతులు మారితే, పదేళ్ల తర్వాత దాన్ని అసలనుకుని ఇంకొకరు దాన్నే నమూనాగా కొలుస్తారు. తప్పు అక్కడినుంచి ప్రతి బ్యాడ్జిలోకీ పాకుతుంది.

బిగించడం

బోల్టు మరల దగ్గర తొందరపడితే ఇంత పనీ వృథా. బ్రిటిష్ కార్లలో చిన్న భాగాలకు బీఏ (బ్రిటిష్ అసోసియేషన్) కొలత మరలు ఉంటాయి: 4బీఏ 3.6 మిల్లీమీటర్లు, 6బీఏ 2.8. అమెరికన్ 6-32 (ఆరో నంబరు, అంగుళానికి 32 చుట్లు) మర వ్యాసం 3.5. చేతిలో పట్టుకుంటే 4బీఏకూ 6-32కూ తేడా తెలియదు. మర దూరం మాత్రం ఒకదానిలో 0.66, ఇంకోదానిలో 0.79. రెండు చుట్లు తిరిగి బిగుసుకుంటే ఆపి మరగేజి పెట్టి చూడండి. ఎనామిల్ బ్యాడ్జి వెనక బోల్టులను 190 డిగ్రీల దగ్గర కరిగే తగరం-సీసం టంకంతో అతికించాలి. బ్యాడ్జి మొత్తాన్ని వేడి పలకపై నెమ్మదిగా వేడెక్కించి, నెమ్మదిగానే చల్లారనివ్వాలి. ఒకచోట మంట పెడితే ఎదురుగా ఉన్న ఎనామిల్ చిట్లుతుంది. నున్నటి పిన్నులున్న రాత బ్యాడ్జీలకు బాడీ రంధ్రాల్లో కూర్చునే బ్యారెల్ క్లిప్పులు కొత్తవి వాడండి, పాతవి పట్టు కోల్పోయి ఉంటాయి. రాగి లేదా ఇత్తడి నేరుగా ఉక్కురేకును తాకితే తేమ చేరినప్పుడు రేకు తుప్పుపడుతుంది. బ్యాడ్జి ఆకారంలో కోసిన పల్చటి రబ్బరు గాస్కెట్ మధ్యలో పెట్టి, పిన్ను రంధ్రం చుట్టూ బ్యూటైల్ రబ్బరు ముద్ద చుట్టి, నట్లను వేళ్లతో తిప్పినంత బిగువుకు పావు చుట్టు మాత్రం కలపండి.